పిల్లలకు రాయడం నేర్పడం – ఐదో పాఠం: ఒత్తున్న మాటకు జంకే పిల్లలు

ఈ పాఠంలో వాక్యాలను వరుసగా పేర్చి పేరాగా మలచడం గురించి చెప్పాలని అనుకున్నాను. కానీ నాలుగో పాఠం చివర ఇచ్చిన అభ్యాసం చేయించి మీరు పంపిన నోటుపుస్తకాల ఫొటోలను చూశాక ఆ పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు చదువుతున్న పిల్లల చేత రోజుకు మూడు సొంత వాక్యాలు రాయించమని ఆ రోజు అడిగాను. కావలి నుంచి ఒక తల్లి పంపిన పుస్తకంలోనూ, కనిగిరి పక్క పల్లె నుంచి వచ్చిన పుస్తకంలోనూ, పొదలకూరు వైపు ఒక ఉపాధ్యాయురాలు తన తరగతి మొత్తానికి చేయించి పంపిన పద్దెనిమిది పుస్తకాల్లోనూ దాదాపు ఇవే వాక్యాలు కనిపించాయి: “నేను ఉదయం లేచాను. పాలు తాగాను. బడికి పోయాను.” రెండో రోజు కూడా ఇవే, మూడో రోజు కూడా ఇవే. వారం చివరికి ఒకరిద్దరు పిల్లలు “ఆట ఆడాను” అనే వాక్యాన్ని చేర్చారు.

చాలామంది దీన్ని పిల్లల బద్ధకం అన్నారు, కొందరు ఊహాశక్తి లేకపోవడం అన్నారు. దయచేసి ఆ వాక్యాలను మళ్లీ ఒకసారి చదివి, వాటిలో ఎన్ని ఒత్తులున్నాయో లెక్కపెట్టండి. ఒక్కటి కూడా లేదు. “ఆట ఆడాను” లో కూడా లేదు. పొదలకూరు ఉపాధ్యాయురాలు నేను అడిగినందుకు ఆ పద్దెనిమిది మందిలో ఒక పాపను పక్కన కూర్చోబెట్టుకొని, సంక్రాంతి నాడు ఇంట్లో ఏం జరిగిందో చెప్పించి ఫోనులో రికార్డు చేశారు. ఆ పాప ఇలా చెప్పింది: “మా అవ్వ ముగ్గేసి గొబ్బెమ్మలు పెట్టింది. చిన్న గొబ్బెమ్మని కుక్క తొక్కింది. మా అవ్వ చెప్పు తీసుకొని వెంటబడింది.” ఇవీ మూడు వాక్యాలే, వీటిలో పన్నెండు ఒత్తులున్నాయి. అదే పాప అదే సంగతిని పుస్తకంలో రాయమంటే “పండుగ బాగా జరిగింది” అని ఒకే వాక్యం రాసి పెన్సిలు కింద పెట్టింది. ఆ వాక్యంలో కూడా ఒత్తు లేదన్న సంగతి గమనించండి.

పాప దగ్గర చెప్పవలసిన విషయం ఉంది, మాటలు ఉన్నాయి, ఒక చిన్న కథకు కావలసిన పట్టు కూడా ఉంది. లేనిదల్లా ఆ మాటలను కాగితం మీద పెట్టే ధైర్యం. తప్పు లేకుండా రాయగలనని నమ్మకమున్న మాటలనే ఏరుకొని, ఆ కొద్ది మాటలతో తయారయ్యే వాక్యాలనే పిల్లలు రోజూ రాస్తున్నారు. ఇందులో నా పొరపాటు కూడా ఉంది. సొంత వాక్యాలు రాయించమని చెప్పానే గాని, ఆ వాక్యాల్లో తప్పులు వచ్చినప్పుడు పెద్దలు ఏం చేయాలో చెప్పలేదు. అది అందరికీ తెలిసిన విషయమే అనుకొని వదిలేశాను.

కృష్ణపట్నం దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చిన పుస్తకంలో మొదటి రోజు పేజీ చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. నాలుగో తరగతి బాబు ఇలా రాశాడు: “మా నాన వల ఏసాడు రోయలు పడాయి.” ఎర్ర పెన్నుతో నాలుగు మాటల చుట్టూ నాలుగు సున్నాలు చుట్టి, పక్కన సరైన రూపాలు రాసి, కింద ‘రొయ్యలు’ అనే మాటను పదిసార్లు రాయించారు. మర్నాడు ఆ బాబు “నేను ఉదయం లేచాను” దగ్గరికి వచ్చాడు. ఆ తరువాత పన్నెండు రోజుల్లో నాన్న, వల, రొయ్యలు ఎక్కడా కనిపించలేదు.

ఆ నాలుగు తప్పులను కాస్త ఓపికగా చూద్దాం. ‘నాన’, ‘పడాయి’ అనే రెండింటిలో ఒత్తు జారిపోయింది, అంతే. ‘రోయలు’ అనే మాటలో ఇంకొక సంగతి ఉంది. ఒత్తున్న అక్షరానికి ముందున్న అక్షరం బరువెక్కుతుంది, ఛందస్సులో దాన్ని గురువు అంటాం. ‘రొయ్యలు’ అన్నప్పుడు ‘రొ’ మీద పడే ఆ బరువును ఈ బాబు చెవి సరిగ్గానే పట్టుకుంది. దాన్ని ఒత్తుగా చూపించాలని తెలియక, తనకు తెలిసిన దీర్ఘంగా చూపించాడు. ఇది విని రాసిన తప్పు, వినకుండా రాసిన తప్పు కాదు. ఇటువంటి తప్పు చేసే పిల్లవాడు ఒత్తు నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాడని అర్థం. నాలుగోదైన ‘ఏసాడు’ అసలు తప్పే కాదు, దాని గురించి తరువాత చెబుతాను.

ఇప్పుడు ఆ పదిసార్ల సంగతి. బడిలో ఇంపోజిషన్ అని, ఇంట్లో శిక్ష అని పేరు ఏదైనా, తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించే అలవాటును ఈ పాఠం చదివేవారైనా మానుకోవాలని నా గట్టి కోరిక. నేను కూడా ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో అలాగే రాయించాను, అందుకే దానితో ఏం జరుగుతుందో దగ్గరగా చూసి చెబుతున్నాను. ఈసారి పదిసార్లు రాయమని చెప్పి మీ పని మీద మీరు వెళ్లిపోకుండా, పిల్లవాడి వెనుక నిలబడి చేతిని చూడండి. వాడు ‘రొయ్యలు’ అని అడ్డంగా రాయడు. ముందు ‘రొ’ ను పై నుంచి కిందికి పదిసార్లు రాస్తాడు. తరువాత ‘య’ ను పదిసార్లు, ఆ తరువాత ‘లు’ ను పదిసార్లు రాస్తాడు. చివరికి పై నుంచి కిందికి వస్తూ ‘య’ ల కింద ఒత్తులు పెట్టుకుంటూ పోతాడు. పని తొందరగా ముగించడానికి పిల్లలు తమంతట తాము కనిపెట్టుకున్న పద్ధతి ఇది, ఏ ఊళ్లో చూసినా ఇదే ఉంటుంది. పది ‘రొయ్యలు’ కాగితం మీదికి వచ్చాయి గాని, ఒక్కసారి కూడా ఆ మాట మొత్తంగా వాడి మనసులో మెదలలేదు, నోటికి రాలేదు. నేర్పాలనుకున్న ఒత్తు ఆ మాటలో భాగంగా కాక, చివర అతికించే అలంకారంగా వాడికి మిగిలింది.

అడ్డంగా రాసే బుద్ధిమంతులకైనా మేలు జరగదు. వాళ్లు రెండో వరుస నుంచి పైనున్న తమ రాతనే చూసి దించుతారు. మూడో వరుసలో ఒత్తు జారితే అక్కడి నుంచి పదో వరుస దాకా అది జారే ఉంటుంది, అంటే ఏడెనిమిది సార్లు తప్పునే సాధన చేసినట్టు. అన్నిటికంటే పెద్ద నష్టం మరునాటి నుంచి మొదలవుతుంది. ‘రొయ్యలు’ అనే మాట వాడితే పది వరుసలు రాయవలసి వస్తుందని పిల్లవాడు నేర్చుకుంటాడు, కాబట్టి ఇక ఆ మాట వాడడు. మీరు నేర్పదలచింది ఆ మాటను రాయడం, వాడు నేర్చుకున్నది ఆ మాటను తప్పించుకోవడం. మా కాలంలో అలాగే రాసి నేర్చుకున్నాం కదా అని అనేకులు అంటారు. మనతోపాటు అలాగే రాసి, రాత అంటే విసుగు పుట్టి, మధ్యలో బడి మానేసినవారు ఎందరో ఉన్నారు. వాళ్లు ఈ పాఠాలు చదివి నాకు ఉత్తరం రాయగల స్థితిలో లేరు గనుక వారి అనుభవం మన లెక్కలోకి రావడం లేదు.

పదిసార్లకు బదులు ఒక్కసారి సరిపోతుంది, అయితే ఆ ఒక్కసారి జ్ఞాపకంలో నుంచి రాయాలి. మాటను పలక మీద పెద్దగా రాసి చూపించండి. పిల్లవాడు దాన్ని చూస్తూ గట్టిగా పలకాలి. తరువాత పలకను బోర్లించి, వాడి పలక మీద వాడిని రాయమనండి. రెండు పలకలూ పక్కపక్కన పెట్టి తేడా ఉంటే వాడే కనిపెట్టాలి, మీరు వేలు పెట్టి చూపించకూడదు. తేడా ఉంటే తుడిచి మళ్లీ ఒకసారి. చూసి, మూసి, రాసి, పోల్చుకోవడానికి ఒక మాటకు ఒక నిమిషం కూడా పట్టదు. సాయంత్రం అన్నానికి ముందు ఇంకొకసారి అడగండి, మూడో రోజు మరొకసారి అడగండి. పదిసార్లు ఒకేచోట రాయడం కంటే మూడుసార్లు మూడు వేళల్లో గుర్తు చేసుకోవడం వల్లనే మాట నిలుస్తుంది.

పలక అన్నందుకు కొందరు ఆశ్చర్యపడవచ్చు. ఒకటో తరగతి దాటగానే పలకను అటక మీద పెట్టేసే అలవాటు ఇప్పుడు ఎక్కువైంది. మార్కాపురం పరిసరాల్లో తవ్వి తీసిన రాతితో చేసిన పలకల మీదనే మన ప్రాంతపు పిల్లలు తరాల పాటు అక్షరాలు దిద్దారు, నేను మాత్రం ఐదో తరగతి దాకా ఆ పలకను వదలను. కాగితం మీద రబ్బరుతో తుడిస్తే మచ్చ మిగులుతుంది, మరీ రుద్దితే చిరుగుతుంది, ఆ మచ్చను చూసి పిల్లలు సిగ్గుపడతారు. పలక మీద తప్పు తడిగుడ్డతో పోతుంది, దాని ఆనవాలు ఉండదు. ధైర్యం చేసి రాయవలసిన మాట ఏదైనా ముందు బలపంతో పలక మీద, తరువాతనే పెన్సిలుతో పుస్తకంలో రాయించండి. పెన్ను ఐదో తరగతి చివరి దాకా వద్దు.

ఒత్తును వినిపించడం ఎలాగన్నది అసలు పని. తేడా ఒక్క ఒత్తు మాత్రమే ఉన్న మాటల జంటలను చెప్పి, ఏ మాట విన్నారో చేతితో చూపించమనండి: గడి–గడ్డి, గుడి–గుడ్డి, బలి–బల్లి, గద–గద్ద, కను–కన్ను, మది–మద్ది. ఒత్తున్న మాట దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగి ముందుకు వెళుతుంది, ఆ ఆగడాన్ని పిల్లలు చప్పట్లతో చక్కగా పట్టుకుంటారు. ‘రొయ్’ అని ఒక చప్పట్టు కొట్టి ఆగి, ‘యలు’ అనిపించండి. ‘గొబ్, బెమ్, మ’ అని మూడు చప్పట్లు కొట్టించండి. ఆగిన చోట హల్లు ఏదో అడిగితే వాళ్లే చెబుతారు.

రాసేటప్పుడు వచ్చే చిక్కు మరొకటి. నోటితో ముందు పలికిన హల్లు పైన ఉంటుంది, తరువాత పలికినది కింద ఒత్తుగా వస్తుంది, గుణింతపు గుర్తు మాత్రం పై అక్షరానికే పెడతాం. ఈ ఒక్క వాక్యాన్ని నమ్ముకుంటే ‘సూర్యుడు’ ను ‘సూయ్రుడు’ అని, ‘చక్రం’ ను ‘చర్కం’ అని రాసే పిల్లలు తమను తామే దిద్దుకుంటారు. ‘సూర్’ అని ఆగితే ముందు పలికినది ‘ర’ కదా, అది పైన ఉండాలి.

ఒత్తుల రూపాలకు నేను వాడే దగ్గరిదారి చెబుతాను. ఒత్తులను చాలావరకు ఆ అక్షరాన్నే చిన్నదిగా, తలకట్టు ఉంటే తీసేసి, కింద రాసినట్టుగా చూపించవచ్చు. త, న, మ, య, ర, ల అనే ఆరింటి ఒత్తులు మాత్రం తమ అక్షరాలను పోలి ఉండవు. అందుకని నేను ఈ ఆరింటినే ప్రత్యేకంగా, రోజుకు ఒకటి చొప్పున, అత్త, అన్న, అమ్మ, కొయ్య, కర్ర, పిల్ల అనే మాటలతో నేర్పుతాను. వరుసగా అన్ని ఒత్తులనూ పట్టిక వేసి వల్లె వేయించడం నాకు ఇష్టం లేదు. పిల్లలకు ఒత్తులు మాటల్లోనే అవసరం పడతాయి, పట్టికలో కాదు.

‘ఏసాడు’ దగ్గరికి వద్దాం. మన జిల్లాల పిల్లలు యాడికి, ఎట్టా, పొయ్యేదానికి, ఏసాడు అని ఇంట్లో విన్న మాటలనే రాస్తారు. మూడో తరగతి ముగిసేదాకా వీటి జోలికి వెళ్లవద్దని నా మాట. వాడుక భాషకు గౌరవం కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా మన బడుల్లో ఏటా జరుపుకుంటున్నాం. ఆ రోజు ఆయన పటానికి దండ వేసి, మర్నాడు పిల్లవాడు రాసిన తన ఇంటి మాట చుట్టూ ఎర్ర సున్నా చుట్టడం ఎంతవరకు సబబో ఆలోచించండి. నాలుగు, ఐదు తరగతుల్లో మాత్రం “మనం ఇంట్లో ఇలా అంటాం, పుస్తకంలో ఇలా రాస్తారు” అని రెండు రూపాలనూ పక్కపక్కన రాయించండి. మొదటిది కొట్టివేయవద్దు.

దిద్దడం మానేస్తే తనిఖీకి వచ్చినవారు అడుగుతారని ఇద్దరు ఉపాధ్యాయులు రాశారు. మూడో తరగతి ముగిసేలోగా పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు పునాది స్థాయిలో రావాలని 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం చెబుతోంది గనుక, వారి ఆందోళన నాకు అర్థమవుతుంది. నేను దిద్దవద్దని చెప్పడం లేదు, వారానికి ఒకే రకం తప్పును దిద్దమంటున్నాను. ఈ వారం ద్విత్వాక్షరాలు అనుకుంటే ‘నాన’, ‘రోయలు’, ‘పడాయి’ అనే మాటల కింద పెన్సిలుతో ఒక చిన్న గీత గీయండి. మిగిలిన వాటిని ఈ వారం చూడనట్టే వదిలేయండి. పుస్తకం మొదటి పేజీలో ఏ వారం ఏ తప్పు మీద పని చేస్తున్నారో రాసి ఉంచితే, అడిగినవారికి అదే సమాధానం.

దిద్దడం కంటే ఎక్కువ పని చేసేది ఇంకొకటి ఉంది. ఆ బాబు రాసిన వాక్యం కింద సరైన రూపాలు రాయకుండా, ఒక ప్రశ్న రాయండి: “మీ నాన్నకు ఎన్ని రొయ్యలు పడ్డాయి? వాటిని ఎక్కడ అమ్మారు?” మీ ప్రశ్నలో నాన్న, రొయ్యలు, పడ్డాయి అనే మూడు మాటలూ సరైన రూపంలో ఉన్నాయి. జవాబు రాయడానికి వాడు ఆ మాటలను తప్పనిసరిగా చూస్తాడు, చాలాసార్లు సరిగ్గా దించుకుంటాడు. అంతకంటే ముఖ్యంగా, తాను రాసింది ఒకరు చదివారని, ఇంకా తెలుసుకోవాలనుకుంటున్నారని వాడికి తెలుస్తుంది. నా మొత్తం ఉపాధ్యాయ జీవితంలో పిల్లల చేత ఎక్కువగా రాయించినది ఈ ఒక్క ఉపాయమే.

ఇక “ఈ రోజు ఏం చేశావు?” అనే ప్రశ్నను పూర్తిగా వదిలేయండి. నిద్రలేవడం నుంచి మొదలుపెట్టవలసిన ప్రశ్న అది. ప్రశ్న ఎంత ఇరుకుగా ఉంటే జవాబు అంత సొంతంగా ఉంటుంది. నిన్న చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎవరు తరిగారు, ఎన్ని వేశారు? బండలాగుడు పోటీలో మీ ఊరి ఒంగోలు గిత్తలు ఎక్కడ ఆగిపోయాయి, తోలేవాడు అప్పుడు ఏమన్నాడు? నెల్లూరు రొట్టెల పండుగకు వెళ్లినప్పుడు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి మీ అమ్మ ఏ రొట్టె అందుకుంది, దాన్ని ఎవరు ఇచ్చారు? పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి ఎవరు కాపలా పడుకుంటారు? వీటిలో దేనికీ “బాగా జరిగింది” అని జవాబు రాయలేరు.

పశ్చిమ ప్రకాశం పల్లెల నుంచి ముగ్గురు రాసిన ఒక ఇబ్బంది వేరు. తల్లిదండ్రులు హైదరాబాదులో పనికి వెళ్లారు, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉన్నారు, ఇంట్లో చదివి చెప్పేవారు లేరని వారి బాధ. ఆ ఇళ్లలో పిల్లవాడు తాను రాసింది అవ్వకు చదివి వినిపించాలి, అవ్వ ఒక ప్రశ్న అడగాలి, వాడు దాని జవాబును చివర చేర్చాలి. వారానికొకసారి ఆ పేజీని ఫొటో తీసి నాన్న ఫోనుకు పంపించాలి, నాన్న ఫోను చేసినప్పుడు అందులోని ఒక సంగతి గురించి అడగాలి. అక్షరం రాని అవ్వ కూడా మంచి పాఠకురాలు కాగలదు, ఎందుకంటే ఆమె చెవి తప్పుల మీద కాక విషయం మీదనే ఉంటుంది.

అభ్యాసం ఈసారి పద్నాలుగు రోజులు, సులువు కాదు. మొదటి రోజు పిల్లవాడు ఏదైనా ఒక సంగతిని రెండు నిమిషాలు చెబుతుంటే ఫోనులో రికార్డు చేసి, ఆ మాటలను మీరు కాగితం మీద ఎత్తిరాసి, అందులోని ఒత్తున్న మాటలను లెక్కపెట్టండి. అదే రోజు వాడి చేత అదే సంగతి రాయించి, అందులోని ఒత్తున్న మాటలను లెక్కపెట్టండి. రెండు అంకెలనూ పుస్తకం చివరి అట్ట లోపల రాయండి. తరువాత పన్నెండు రోజులు రోజూ ఒక ఇరుకు ప్రశ్న, పిల్లవాడి జవాబు, మీ ప్రశ్న, మళ్లీ వాడి జవాబు ఉండాలి. ఈ పన్నెండు రోజులూ మీరు కూడా అదే ప్రశ్నకు ఐదు వాక్యాలు అదే పుస్తకంలో రాయాలి, వాడికి చదివి వినిపించాలి, వాడు అడిగిన ప్రశ్నకు మీరు జవాబు రాయాలి. పద్నాలుగో రోజు మొదటి రోజు పనిని మరొక సంగతితో మళ్లీ చేయండి. రాతలోని ఒత్తుల లెక్క మాటల్లోని లెక్కకు సగమైనా చేరిందేమో చూసి, ఆ నాలుగు అంకెలున్న అట్టను ఫొటో తీసి పంపండి. ఆరో పాఠంలో పేరా రాయడానికి ఆ పుస్తకాల్లోని వాక్యాలనే తీసుకుంటాను.